మొదటి మాట

జూబ్లీ హిల్స్ పక్కనున్న కృష్ణానగర్ ఇరుకు గదులకూ, ఫిలిం నగర్ నిర్మాతల ఆఫీసులకూ దూరం కొద్దే. కానీ కూలి అడగడానికి ఆ కాస్త దూరం నడవాలంటేనే కాళ్లు రావు.

2025 ఆగస్టు 4న తెలుగు సినిమా కార్మికులు వేతనం 30 శాతం పెంచాలంటూ సమ్మెకు దిగారు. అంత భారం మోయలేమన్నారు నిర్మాతలు. 18 రోజులు పనులు స్తంభించాయి. చివరికి కార్మిక శాఖ కమిషనర్ సమక్షంలో ఇరుపక్షాలూ కూర్చుంటే, రోజుకు 2000 రూపాయల లోపు వాళ్లకు మూడేళ్లలో విడతలుగా 22.5 శాతం ఖరారైంది. ఎంత పోరాడినా, ఆఖరికి ఎదురెదురుగా కూర్చోక తప్పలేదు!

మా బాబాయి లైట్‌మన్. బాకీ పడ్డ కూలిని నలుగురి ముందు అడగడు. ప్యాకప్ అయ్యాక మేనేజరు దగ్గరికెళ్లి, "సార్, నా లెక్క గురించి ఐదు నిమిషాలు మాట్లాడాలి. మీకెప్పుడు వీలు?" అంటాడు. విషయం ముందే తెలిసింది కనుక ఆయన ఉలిక్కిపడడు. తర్వాత పనిచేసిన తేదీల చీటీ ముందు పెట్టి, ఊరుకుని వింటాడు.

"ఇలా అడిగితే ఇస్తారా?" అన్నాను.

"ఒక్కోసారి ఇవ్వర్రా. కానీ రేపు మళ్లీ అడగడానికి మొహం మిగుల్తుంది."

మర్యాదంటే లొంగిపోవడం కాదు మిత్రులారా! అడగాల్సింది అడగాల్సిందే. కాకపోతే, వార్డెన్ గది తలుపు తట్టేముందు మన చీటీ మనం రాసుకుందాం.