జాబితాలో లేని పేరు

కంప్యూటరు జబ్బుల్లో పైకి తెలిసేవి కొన్ని ఉంటాయి. తెర నల్లబడుతుంది, లోపలి ఫ్యాను మోత పెడుతుంది, ప్రింటరు కాగితాన్ని మింగలేక కక్కలేక ఆగిపోతుంది. వాటితో పెద్ద పేచీ లేదు. ఫలానా చోట నొప్పి అని అవే చెబుతాయి. రెండో రకం జబ్బు వేరు. అన్నీ పనిచేస్తూనే ఉంటాయి, ఒక్క భాగం పేరు మాత్రం జాబితాలోంచి లేచిపోతుంది. నెట్‌వర్క్ అడాప్టరు మాయమవడం ఈ రెండో రకంలోది. బీకాం చదివి ముప్ఫై ఏళ్లకు పైగా బ్యాంకు కొలువు చేస్తున్నవాడికి ఈ గొడవ ఎందుకని మిత్రులు అనుకోవచ్చు. ఇది సగం లెక్కల వ్యవహారమేనని చదివాక వారూ ఒప్పుకుంటారు.

అడాప్టరంటే కంప్యూటరులోని తపాలా గుమాస్తా. లోపలి ఉత్తరాలు బయటికి పంపడం, బయటివి లోపలికి అందజేయడం దాని పని. తీగ ద్వారా ఈ పని జరిగే ఈథర్‌నెట్ పద్ధతికి 1973లో అమెరికాలోని జిరాక్స్ పరిశోధనాలయంలో రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ ప్రాణం పోశారు. ప్రతి అడాప్టరుకూ పుట్టుకతోనే పన్నెండు స్థానాల సంఖ్య ఒకటి ఉంటుంది. మొదటి ఆరు స్థానాలూ తయారుచేసిన కంపెనీని చెబుతాయి, మిగిలిన ఆరూ ఆ ఒక్క పరికరాన్ని చెబుతాయి. పూర్వం అడాప్టరును విడి కార్డుగా కొని దూర్చేవారు. ఇప్పుడది మదర్‌బోర్డు మీదే చిన్న చిప్పుగా అతికి వస్తోంది. అందుకే అది మాయమైతే షాపులవాళ్లు బోర్డంతా మార్చాలంటారు.

మాది రాయచూరు జిల్లా సింధనూరు. 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తయ్యాక ఎడమ కాలువ కింద భూములు కొనుక్కుని కృష్ణా, గోదావరి, గుంటూరు జిల్లాల నుంచి రైతులు ఇక్కడికి వచ్చారు. వారు కట్టుకున్న పల్లెలకు ఈనాటికీ క్యాంపులనే పేరు. మా నాన్నగారు అలా వచ్చినవారే. ఆయన పదకొండు నోటు పుస్తకాలు రాసిపెట్టారు. ఏ రోజు తూము ఎత్తారు, ఎకరానికి ఎన్ని బస్తాలు పండాయి, ఎవరి దగ్గర ఎంత చేబదులు తెచ్చారు, ఊరి నుంచి ఎవరి పెళ్లికి కబురొచ్చింది, అన్నీ తెలుగులోనే. వాటిలో నాలుగింటిని చెద తినేసింది. అదృష్టం కొద్దీ అప్పటికే వాటిని మా ఇంటి కంప్యూటరులో టైపు చేసి ఉంచాను.

అయితే ఆ టైపు పాత ఫాంటులో ఉంది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, విండోస్‌లో అది ఇళ్లకు చేరింది 2001లో ఎక్స్‌పీతో. ఆ తర్వాత కూడా చాలాకాలం అచ్చు పనులన్నీ పాత ఫాంట్లతోనే నడిచాయి. ఆ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు గుర్తులు పెట్టి పని గడుపుతాయి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో ఫైలు తెరిస్తే నాన్నగారి మాటలకు బదులు డాలరు గుర్తులూ బ్రాకెట్లూ కనిపిస్తాయి. ఫైలు ఎక్కడికీ పోదు, చదవడానికి మాత్రం ఏమీ మిగలదు. సగం పుస్తకాలను యూనికోడ్‌లోకి మార్చాను. తక్కిన సగం మారుస్తూ బెంగుళూరులో ఉన్న మా అమ్మాయికి ఒక్కొక్కటే పంపుతున్న రోజుల్లో ఈ అవాంతరం వచ్చింది.

నిరుడు మే నెలలో ఒక సాయంత్రం ఉరుములు, మెరుపులు. కరెంటు మూడుసార్లు పోయి వచ్చింది. తర్వాత కంప్యూటరు మామూలుగానే లేచింది గాని ఇంటర్నెట్ లేదు. ఫోన్లకు మాత్రం వస్తోంది. అంటే రూటరు బాగానే ఉంది. మర్నాడు బజారులో ఒక షాపుకు తీసుకెళ్లాను. కుర్రాడు రెండు నిమిషాలు చూసి, "ఫార్మ్యాట్ మాడ్బేకు సార్. ఆగ్లిల్ల అంద్రె బోర్డ్ చేంజ్" అన్నాడు. ఫార్మాట్ అంటే డిస్కు తుడిచి మళ్లీ మొదటినుంచి విండోస్ ఎక్కించడం. ఫైళ్లను ముందుగా వేరే డిస్కులోకి ఎత్తుకోవచ్చు. కానీ ఆ పాత ఫాంటు సాఫ్ట్‌వేరు తిరిగి ఎక్కుతుందన్న భరోసా ఎవరూ ఇవ్వలేరు. కంప్యూటరును ఆటోలో పెట్టుకుని ఇంటికి తెచ్చేశాను.

నేను ఉద్యోగంలో చేరేనాటికి మా శాఖలో చేతిరాత లెడ్జర్లే. బ్యాలెన్సింగు నాడు తేడా వస్తే రాత్రి పదయినా కుర్చీలోంచి లేచేవాళ్లం కాదు. దానికో పద్ధతి ఉండేది. ముందు కూడిక సరిచూడాలి, తర్వాత పోస్టింగు, ఆ తర్వాత ఓచర్లు. తేడా తొమ్మిదితో నిశ్శేషంగా భాగింపబడితే ఎక్కడో రెండంకెలు తారుమారై ఉంటాయని ముందుగా అనుమానించాలి. ఒకసారికి ఒక్క దిద్దుబాటే చేసి మళ్లీ కూడాలి. పది రూపాయల తేడా దొరకలేదని లెడ్జరు తగలబెట్టి కొత్తది మొదలుపెట్టిన మేనేజరును నేను చూడలేదు. నాన్నగారిదీ ఇదే పద్ధతి. పొలానికి నీళ్లు రాకపోతే మడవ నుంచి పిల్లకాలువ వెంట తూము దాకా నడిచి, ఎక్కడ ఆగిందో చూశాకే పార పట్టేవారు.

ఆ రాత్రి ఫోన్లో మా అమ్మాయిని అడుగుతూ నేనే కూర్చున్నాను. ముందు ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి ఎత్తాను. తర్వాత డివైస్ మేనేజర్ తెరిచాను. కంప్యూటరులోని భాగాలన్నిటి పేర్లూ ఉండే పద్దు అది. అందులో నెట్‌వర్క్ అడాప్టర్స్ అనే తలకట్టు కింద మూడు రకాల తేడాలు కనిపించవచ్చు.

మొదటిది, పేరు ఉండి పక్కన పసుపుపచ్చ గుర్తు ఉండడం. పరికరం ఉంది, దాన్ని నడిపే డ్రైవరు చెడిందని సాధారణంగా దీనికి అర్థం. రెండోది, పేరు అక్కడ లేకుండా అదర్ డివైసెస్ కింద ఈథర్‌నెట్ కంట్రోలర్ అని అనామకంగా పడి ఉండడం. పరికరం ఉంది, డ్రైవరు లేదు. దాని ప్రాపర్టీస్‌లో హార్డ్‌వేర్ ఐడీ చూస్తే వంశం తెలుస్తుంది. 10ఈసీ అని ఉంటే అది రియల్‌టెక్ వారిది. డ్రైవరును మరో కంప్యూటరులో దించి పెన్‌డ్రైవులో తెచ్చుకోవచ్చు, లేదా ఫోనును యూఎస్‌బీ తీగతో కలిపి ఆ ఇంటర్నెట్‌తోనే దించుకోవచ్చు. మూడోది, ఎక్కడా ఏ పేరూ లేకపోవడం. మాది మూడోది.

"నాన్నా, వ్యూలోకి వెళ్లి షో హిడెన్ డివైసెస్ నొక్కు" అంది అమ్మాయి. నొక్కగానే పాత పేరు వెలిసిపోయిన అక్షరాలతో కనిపించింది. అంటే విండోస్‌కు దాని జ్ఞాపకం ఉంది, ఎదుట మనిషి లేడు. లోపం డ్రైవరులో కాదు, ఇంకా కిందనుందని అర్థమైంది. బయోస్‌లోకి వెళ్లి చూస్తే ఆన్‌బోర్డ్ లాన్ ఎనేబుల్డ్ అనే ఉంది. ఒక పెన్‌డ్రైవులో ఉబుంటు పెట్టుకుని, డిస్కును తాకకుండా దానితోనే కంప్యూటరును లేపితే అక్కడా అడాప్టరు లేదు. వెనక తీగ గుచ్చే చోట దీపాలు కూడా వెలగలేదు. ఫార్మాట్ చేసి ఉంటే ఏమీ ఒరిగేది కాదని అక్కడితో తేలిపోయింది.

ఇక మిగిలింది కరెంటు. ఈ చిప్పు కంప్యూటరు ఆపేసినా పూర్తిగా నిద్రపోదు. దూరం నుంచి ఎవరైనా లేపుతారేమోనని స్టాండ్‌బై కరెంటు తాగుతూనే ఉంటుంది. వోల్టేజి ఎగుడుదిగుడులకు అది బిగుసుకుపోతే ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా కదలదు. పైగా ఈనాటి విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అనేదొకటి ఉంది. అది ఉంటే షట్‌డౌన్ కొట్టినా వ్యవస్థ పూర్తిగా ఆగదు. అందుకని గోడ దగ్గర ప్లగ్గే పీకాను. పవరు బటన్ను అరనిమిషం నొక్కి పట్టుకుని మిగిలిన కరెంటు దించాను. పది నిమిషాలు ఆగి మళ్లీ పెట్టాను. ఆకుపచ్చ దీపం వెలిగింది. జాబితాలో పేరు నల్లటి అక్షరాలతో తిరిగొచ్చింది.

ఇలాంటి మాయం మన కరెంటు వల్లే రావాలని లేదు. 2018 మార్చిలో విండోస్ 7కు వచ్చిన ఒక అప్‌డేట్ తర్వాత కొన్ని కంప్యూటర్లలో నెట్‌వర్క్ పరికరం పనిచేయడం మానేసింది. ఒక చిన్న సమాచార ఫైలు కనబడకపోవడమే కారణమని, స్కాన్ ఫర్ హార్డ్‌వేర్ ఛేంజెస్ నొక్కి పరికరాన్ని మళ్లీ వెతికించమని మైక్రోసాఫ్టే చెప్పింది. అక్కడా పరికరాలు ఆరోగ్యంగానే ఉన్నాయి. పద్దులోనే లోపం.

మా కథ అక్కడితో ముగిసిందని చెబితే అబద్ధమవుతుంది. మూడు వారాల తర్వాత మరో పిడుగుల వానకు ఆ చిప్పు నిజంగానే పోయింది. మళ్లీ అదే వరసలో అన్నీ చూశాను, ఈసారి ప్లగ్గు పీకినా లేవలేదు. అప్పుడు కూడా బోర్డు మార్చనక్కర్లేకపోయింది. కొన్ని వందల రూపాయలకు యూఎస్‌బీలో గుచ్చే లాన్ అడాప్టరు దొరికింది. ఆ రాత్రే ఎనిమిదో పుస్తకం బెంగుళూరు వెళ్లింది. అమ్మాయి చదువంతా కన్నడం, ఇంగ్లీషుల్లో సాగింది. తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. మర్నాడు ఫోను చేసి, "నాన్నా, చేబదులు అంటే ఏమిటి?" అని అడిగింది. చెప్పాను. తాతయ్య ఎవరి దగ్గర తెచ్చారో, ఎప్పుడు తీర్చారో పుస్తకం చూసి తనే నాకు చెప్పింది.

ఇంట్లో కంప్యూటరు ఉన్నవారు పెట్టె బాగున్న రోజునే మూడు పనులు చేసి ఉంచుకోవడం మంచిది. అడాప్టరు పేరూ నంబరూ కాగితం మీద రాసుకోవాలి. దాని డ్రైవరును పెన్‌డ్రైవులో దాచాలి. ఉరుములు మొదలైతే కరెంటు ప్లగ్గుతో పాటు నెట్ తీగనూ పీకేయాలి, పిడుగు ఆ తీగ వెంట కూడా వస్తుంది. పాత ఫాంట్లలో తెలుగు రాసుకున్నవారికి నాలుగో పని ఒకటి ఉంది. యూనికోడ్‌లోకి మార్చుకోవడం ఈ వానాకాలం లోపే ముగించండి. నాకు ఇంకా మూడు పుస్తకాలున్నాయి.