తెల్ల పంచె, నల్ల గేదె

ఫోటోలు తీయడం నేర్చుకోవాలన్న సరదా పుట్టినవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "ఏ కెమెరా కొనమంటారు?" అని. "ఇంట్లో ఉన్నదేదో చాలు, చేతిలో ఫోనైనా సరే" అంటే మొహాలు చిన్నబోతాయి. కొత్త సామాను కొనడంలో ఉన్న హుషారు ఉన్న సామాను మర్మం తెలుసుకోవడంలో ఎక్కడుంటుంది! రెండో ప్రశ్న "ఏ యూట్యూబ్ ఛానల్ చూడమంటారు?" అని. దీనికి జవాబు అంత తేలిక కాదు. ఆ వీడియోల్లో చాలామటుకు పాఠం పేరుతో లెన్సులు అమ్మేవి. నిజంగా పాఠం చెప్పేవాళ్ళలో ఎక్కువమంది మన ఎండ ఎరగనివాళ్ళు.

ఎండ తేడా చిన్న విషయం కాదు. పొద్దు పొడిచాక ఒక గంట, పొద్దు గూకేముందు ఒక గంట బంగారు వెలుతురు ఉంటుందని, దాని పేరు "గోల్డెన్ అవర్" అని ఇంగ్లీషు పాఠాలన్నీ ఊదరగొడతాయి. లండన్‌లో సూర్యుడు ఏటవాలుగా జారుతూ తాపీగా దిగుతాడు కాబట్టి వాళ్ళకి ఆ గంట దొరుకుతుంది. మన దగ్గర దాదాపు నిలువునా దిగిపోతాడు. అరగంట దొరికితే గొప్ప. ఎక్కడ నిలబడాలో, ఎవరిని నిలబెట్టాలో ముందే చూసిపెట్టుకోకపోతే లెన్సు మూత తీసేలోపు చీకటి పడుతుంది. మిట్టమధ్యాహ్నం సంగతి సరేసరి. హైదరాబాదులో మేలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తికొచ్చి, నిలబడ్డ మనిషి నీడ కాళ్ళ కిందే ఉండిపోతుంది. ఆ ఎండలో తీస్తే కళ్ళ చోట గుంటలు పడతాయి, పెళ్ళికూతురికైనా ముక్కు కింద మీసం మొలుస్తుంది.

ఇక సముద్రం. కాలిఫోర్నియావాడి వీడియో చూసి, సూర్యుడు నీళ్ళలో మునిగే బొమ్మ తీద్దామని సాయంత్రం విశాఖ బీచ్‌కి వెళ్ళే కుర్రాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. మనది తూర్పు తీరం నాయనా! పొద్దున్న నీళ్ళలోంచి లేచినవాడు సాయంత్రం ఊరి వెనక్కి పోతాడు. అలాగని సాయంత్రం బీచ్ దండగేమీ కాదు. మేడల నీడ ఇసుక మీదికి పాకకముందే మనిషిని సముద్రం వైపు వీపు పెట్టి నిలబెడితే, పడమటి వెలుతురు మొహం నిండా పడుతుంది, వెనక నీళ్ళు ముదురు రంగులో నిలుస్తాయి.

ఎండని మచ్చిక చేసుకునే ఏర్పాటు మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉంది. తాటాకు పందిరి అనుకునేరు. దాని చిల్లుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా మొహం మీద పడి చిరాకు పెడుతుంది. వీధి అరుగు మేలు. చూరు నీడలో, వీధి వైపు మొహం పెట్టి కూర్చున్న అమ్మమ్మని తీయండి. పైనుంచి ఎండ తగలదు, ఎదురుగా ఉన్న ఆకాశమంతా మెత్తటి దీపం. అపార్టుమెంటు వాళ్ళకి బాల్కనీ తలుపు ఆ పని చేస్తుంది. ఒక చెంప మరీ చీకటయితే ఆ వైపు ఎవరిచేతైనా ఉతికిన పంచె ఒకటి విప్పి పట్టించండి, చీకటి సగానికి సగం విడిపోతుంది. సినిమా షూటింగుల్లో థర్మాకోల్ షీట్లు పట్టుకుని నిలబడే కుర్రాళ్ళు చేసేది ఇదే.

పంచె అంటే గుర్తొచ్చింది. తెల్ల పంచె కట్టుకుని తెల్లగోడ ముందు కూర్చున్న తాతగారిని తీస్తే పంచె మాసిపోయి వస్తుంది, గోడకి మొన్న వేసిన సున్నం కాస్తా పాతబడిపోతుంది. అదే కెమెరాని ఫ్రేము నిండా గేదె పట్టేలా దగ్గరికి తీసుకెళ్ళండి. ఈసారి నలుపు వెలిసి బూడిదరంగుకి దిగుతుంది. రెండింటికీ కారణం ఒకటే. కెమెరాలోని లైట్ మీటరుకి తెలుపూ తెలీదు, నలుపూ తెలీదు. ఎదురుగా ఏది పెట్టినా, అది పడ్డ వెలుతురులో నూటికి 18 వంతులు తిరగ్గొట్టే బూడిదరంగు వస్తువే అనుకుని లెక్క కడుతుంది. ఇప్పటి కెమెరాలకి తెలివి పెరిగింది కానీ ఆ పుట్టుబుద్ధి పూర్తిగా పోలేదు. అందుకే ప్లస్, మైనస్ గుర్తులున్న మీట ఒకటి పెడతారు. తెల్ల పంచెకి ప్లస్ ఒకటి, గేదెకి మైనస్ ఒకటి. అసలే తెల్లగా ఉన్నదానికి వెలుతురు ఇంకా పెంచడమేమిటని మనసు ఒప్పుకోదు; రెండూ తీసి పక్కపక్కన పెట్టుకుంటే ఒప్పుకుంటుంది. ఫోన్లో అయితే మొహం మీద వేలు కాసేపు నొక్కి పట్టి, పక్కన కనిపించే సూర్యుడి గుర్తుని పైకో కిందికో జరపాలి. అంతకన్నా ముందు ఆ లెన్సుని మెత్తటి గుడ్డతో తుడవాలి. జేబులో పడి చెమటా జిడ్డూ పట్టిన లెన్సు దగ్గర ఏ పాఠమూ పారదు.

లెన్సు రంధ్రం ఎంత తెరుచుకుందో చెప్పే ఎఫ్ 2.8, 4, 5.6, 8, 11, 16 అన్న అంకెల వరసని ఎక్కంలా నోటికి పట్టించుకోవడం మంచిది. ఒక్కో మెట్టు పైకి వెళ్ళినకొద్దీ లోపలికొచ్చే వెలుతురు సగమవుతుంది. నిండు ఎండలో ఎఫ్ 16, ఐ.ఎస్.ఓ. (వెలుతురుకి స్పందించే చురుకు) 100, షట్టరు సెకనులో నూరో వంతు. ఇలాంటి లెక్కలే ఫిల్ము అట్టపెట్టెల లోపల అచ్చువేసి ఇచ్చేవారు, మీటర్లు లేని కెమెరాలవాళ్ళు వాటితోనే నెట్టుకొచ్చారు.

నన్నడిగితే వెలుతురు నేర్పే బడి మనకి పాత సినిమాల్లో ఉంది. 1957 నాటి 'మాయాబజార్' పెట్టండి. 2010లో రంగులద్దిన ప్రతి వద్దు, నలుపు తెలుపుదే. నౌకా విహారం దగ్గర ఆపండి. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే. ఆ వెన్నెలలో చాలాభాగం మద్రాసు స్టూడియోలో దీపాలతో పుట్టించినదే. పాటా కథా కాసేపు మరిచిపోయి (కష్టమే అనుకోండి) సావిత్రి మొహం చూడండి. కంట్లో తెల్లచుక్క ఏ వైపుంది? దీపం అటుంది. ముక్కు నీడ ఏ చెంప మీద పడింది? దీపం దానికి ఎదురు. జుట్టు అంచు మెరుస్తోందంటే వెనక ఇంకో దీపం ఉన్నట్టు. అది లేకపోతే నల్లజుట్టు చీకట్లో కలిసిపోయేది. ఆ తర్వాత బాలు మహేంద్ర కెమెరా పట్టిన 'శంకరాభరణం' చూడండి. పూనా ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చదివి వచ్చిన ఆయనకి ఉన్న వెలుతురుతో పని జరుపుకునేవారని పేరు. బార్ట్లే దీపం పెట్టే చోట ఈయన కిటికీ వెతుకుతారనిపిస్తుంది. ఎవరిది గొప్ప అని వాదించుకోవడం కూడా చదువులో భాగమే; నా ఓటు మాత్రం బార్ట్లేకి.

వెలుతురు కుదిరాక అదను చూసుకోవాలి. ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ కార్టియే బ్రెసన్ పుస్తకం 1952లో 'ది డెసిసివ్ మూమెంట్' అన్న పేరుతో ఇంగ్లీషులో వచ్చినప్పటినుంచీ ఫోటోగ్రాఫర్లందరికీ ఆ ఒక్క క్షణం పిచ్చి పట్టుకుంది. మన పెళ్ళి ఫోటోగ్రాఫర్‌కి ఆ పుస్తకంతో పనిలేదు. పురోహితుడు గొంతు పెంచి మేళగాళ్ళ వైపు చెయ్యి ఊపుతున్నాడంటే అడ్డుతెర దిగబోతోందని అతనికి తెలుసు. జీలకర్ర బెల్లం పెట్టి, పెళ్ళికూతురు మొదటిసారి కళ్ళెత్తేసరికి అతను సరైన చోటుకి చేరి ఉంటాడు. తంతు తెలియనివాడు అప్పుడే బ్యాటరీ మారుస్తుంటాడు. తలంబ్రాల దగ్గర షట్టరు సెకనులో 60వ వంతు పెడితే బియ్యం తెల్లగీతలవుతాయి. 500వ వంతు పెడితే గింజ గింజా గాలిలో ఆగుతుంది. మండపంలో అంత వెలుతురు లేకపోతే ఐ.ఎస్.ఓ. 3200కి పెంచాల్సిందే. బొమ్మ గరుకెక్కుతుంది, ఎక్కనీ. గీతలే అందంగా ఉంటాయనేవాళ్ళూ ఉన్నారు, ఒక్కోసారి నేనూ వాళ్ళ పక్షమే. వీలుంటే ఒక సీజన్ తంతు తెలిసిన పెళ్ళి ఫోటోగ్రాఫర్ వెంట లైటు పట్టుకుని తిరగండి.

పుస్తకాల్లో మొదటిది కెమెరాతోపాటు పెట్టెలో వచ్చేది. దాన్ని చదివినవాణ్ణి నేనింకా చూడలేదు. బ్రయాన్ పీటర్సన్ 'అండర్‌స్టాండింగ్ ఎక్స్‌పోజర్' తేలిగ్గా నడుస్తుంది. ఆన్సెల్ ఆడమ్స్ రాసిన 'ది కెమెరా', 'ది నెగటివ్', 'ది ప్రింట్' ఫిల్ము కాలం నాటివి, కాస్త గట్టివి, అయినా మొదటిది చదివితే నష్టం లేదు. డిగ్రీయే కావాలంటే హైదరాబాదు జె.ఎన్.ఎ.ఎఫ్.ఎ. యూనివర్సిటీలో ఫోటోగ్రఫీలో బి.ఎఫ్.ఎ. ఉంది. మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో ఇండియన్ ఫోటో ఫెస్టివల్ 2015లో మొదలైంది. పెద్ద ప్రింట్ల ముందు నిలబడి చూడ్డానికి అదొక మంచి అవకాశం.

హైదరాబాదు అంటే లాలా దీన్‌దయాళ్‌ని వదలకూడదు. రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందోరులో సర్కారు ఉద్యోగం చేస్తూ ఫోటోలు పట్టుకున్న మనిషి. తర్వాత సికింద్రాబాదులో స్టూడియో పెట్టి ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యాడు. ఆయన తీసిన కట్టడాల్లో స్తంభాలు నిలువుగా నిలబడి ఉంటాయి. మన ఫోన్లో చార్మినార్ మీనార్లు లోపలికి వంగిపోయేది ఫోనుని పైకెత్తి పట్టుకోవడం వల్ల. ఆ కాలపు పెద్ద కెమెరాల్లో కెమెరాని వంచకుండా లెన్సుని మాత్రం పైకి జరుపుకునే వీలుండేది. మనకి ఆ సదుపాయం లేదు కాబట్టి వెనక్కి నడవాలి, లేదా ఎదుటి మేడ ఎవరిదో కనుక్కుని పైకి పోనివ్వమని బతిమాలాలి. నాకైతే రెండోదాంట్లో టీ కూడా దొరికింది.

ఇంతా తీసి ఫోన్లోనే ఉంచుకుంటే ఏమీ తెలియదు. తెర తనే వెలుగుతుంది కాబట్టి అందులో ప్రతిదీ బాగానే కనిపిస్తుంది. నెలకి నాలుగైదు ఎంచుకుని పోస్టుకార్డు సైజులో ప్రింటు వేయించండి. స్టూడియో ఆయన "కొంచెం బ్రైట్ చెయ్యమంటారా సార్?" అని అడుగుతాడు. వద్దనండి, ఉన్నది ఉన్నట్టే వెయ్యమనండి. కాగితం చేతికొచ్చాక ఏది ఎందుకు నల్లబడిందో కౌంటరు దగ్గరే నిలబడి ఆయన్ని అడగండి. పెళ్ళిళ్ళ సీజన్ కాకపోతే ఓపిగ్గా చెప్తాడు.