బాతులకో ఇల్లు... పేపరుకో నవ్వు!

లండన్‌కి దగ్గర్లోని రెడింగ్‌లో ఉంటారు మా అక్కావాళ్లు. 2022 జులైలో అక్కకి రెండో కాన్పు. అమ్మ ఒక్కతే అంతదూరం వెళ్లలేనంటే నేనూ నెలన్నర సెలవు పెట్టి తోడు బయల్దేరా. ‘అక్కడికెళ్లి మళ్లీ పేపర్లు ముందేసుకుని కూర్చోకు’ అని ఆఫీసులో అందరూ మరీమరీ చెప్పి పంపారు. వంటవాడు చుట్టంలా పెళ్లికెళ్లినా చూపు గాడిపొయ్యి మీదే ఉంటుంది కదా! మర్నాడు పొద్దున బావగారు పాలకోసం వీధి చివరి గుజరాతీవాళ్ల కొట్టుకి వెళుతోంటే ‘ఓ నాలుగు పేపర్లు కూడా తెచ్చిపెట్టండి’ అనేశా.

తెచ్చారు. మొదటి పేజీల నిండా రాజకీయమే. లాక్‌డౌన్ రోజుల్లో ప్రధాని కార్యాలయంలో పార్టీలు చేసుకున్న గొడవ, దాని వెనకే మరో వివాదం, మంత్రుల మూకుమ్మడి రాజీనామాలు... చివరికి జులై 7న బోరిస్ జాన్సన్ దిగిపోతానని ప్రకటించారు. ఆ కుర్చీ ఎవరిదన్నదే అప్పటి చర్చంతా. పేజీ తిప్పితే ఐసుగడ్డ మీద బోర్లా పడుకున్న కుక్క! దాని పక్కనే ప్రధాని ఇంటి గుమ్మంలో ఒళ్లు విరుచుకుంటున్న లారీ అనే పిల్లి. ఎలుకలు పట్టడానికని 2011లో జంతు సంరక్షణ కేంద్రం నుంచి తెచ్చారట దాన్ని. ప్రధానులు మారుతున్నా అది మాత్రం కదల్లేదు. 2024లో కీర్ స్టార్మర్ గెలిచి వచ్చేసరికి ఆయన దానికి ఆరో ప్రధాని! ఇంగ్లిషు రాని మా అమ్మ రోజూ పేపరు రాగానే ‘పిల్లి ఉందా ఇవాళ?’ అని అడిగేది.

జులై 19న లింకన్‌షైర్‌లోని కానింగ్స్‌బీలో 40.3 డిగ్రీల ఎండ కాసింది. ఆ దేశంలో నలభై దాటడం అదే మొదటిసారి. పేపర్లలో పెద్దపెద్ద అక్షరాలు చూసి, ‘నలభైకే ఇంత గోలా? మన రెంటచింతలవాళ్లు వింటే నవ్విపోతారు’ అంది అమ్మ. మధ్యాహ్నానికి ఆ నవ్వు కాస్తా పోయింది. అక్కడి ఇళ్లు వెచ్చదనం బయటికి పోకుండా కట్టినవి. సీలింగు ఫ్యాన్లుండవు. పై గదిలో నాలుగు రోజుల పసిపాపకి తడిగుడ్డ పట్టుకుని విసురుతూ కూర్చున్నాం ముగ్గురం.

కీరదోస కాలం

‘ఇక్కడివాళ్లు దీన్ని సిల్లీ సీజన్ అంటారు’ అన్నారు బావగారు. జర్నలిజం డిప్లొమా చదివేటప్పుడు విన్నమాటే. వెర్రివార్తల కాలమన్నమాట. 1861లోనే ‘శాటర్డే రివ్యూ’ అనే లండన్ పత్రిక ఈ మాట వాడింది. జులై ఆఖర్లో పార్లమెంటుకు సెలవులు. కోర్టులకూ సెలవులు. ఉన్నవాళ్లంతా సముద్రతీరాలకో పల్లెలకో వెళ్లిపోతారు. పేపరు మాత్రం రోజూ నిండాలి! అందుకని మామూలు రోజుల్లో మూలన కూడా చోటు దొరకని వార్తలు ఆగస్టులో పేజీ మధ్యకొచ్చి కూర్చుంటాయి. మిగతా యూరప్‌లోనూ ఇదే తంతు. పోలండ్‌లో, నెదర్లాండ్స్‌లో దీన్ని కీరదోసకాయల కాలం అంటారు.

2012 ఆగస్టు 26నే చూడండి. ఎసెక్స్‌లోని సెయింట్ ఒసిత్ అనే ఊళ్లో సెలవులకొచ్చినవాళ్లకి దూరంగా పొలంలో సింహం కనిపించింది! పోలీసులు తుపాకులతో వచ్చారు. హెలికాప్టర్లు తిరిగాయి. జూ నిపుణులొచ్చారు. మర్నాటికల్లా సింహమూ లేదు, దాని అడుగుజాడా లేదు. అది బహుశా దగ్గర్లోని ఓ బొద్దు పెంపుడు పిల్లి అయ్యుంటుందని తేల్చారు. దాని పేరు ‘టెడ్డీ బేర్’!

బావగారు చెబుతోంటే అందరం పడీపడీ నవ్వాం. నవ్వు ఆగాక నాకు మాత్రం మా ఆఫీసు సొరుగులో ఉన్న ఓ పోస్టుకార్డు గుర్తొచ్చింది.

కొండముచ్చు జీతం

2019 వేసవి. మన దగ్గర ఏప్రిల్ 11న పోలింగ్ అయిపోయింది. లెక్కింపేమో మే 23న. మధ్యలో ఆరు వారాలు! నాయకులు మాట్లాడరు, అధికారులు కదలరు. మా కీరదోస కాలం అదే. అప్పుడే ఓ మామిడితోటలో కోతుల్ని తరమడానికి కాపలా పెట్టిన కొండముచ్చు గురించి సరదాగా రాశా. దానికి రోజూ డజను అరటిపళ్లు, తాగడానికీ ఒళ్లు తడపడానికీ రెండు బిందెల నీళ్లు... ‘ఇదీ దాని జీతం’ అని మొదలుపెట్టా. ఫొటో అద్భుతంగా వచ్చింది. దాన్ని పెద్దది చేయడానికి అదే పేజీలో కింద రావాల్సిన ఓ వార్తని ఆరు లైన్లకి కత్తిరించారు. కత్తిరించనా అని నన్నడిగితే ‘సరే’ అన్నాను కూడా. అదేం వార్తో చదవలేదు.

వారం తర్వాత కార్డొచ్చింది. ‘అమ్మా, మీ కొండముచ్చు బావుంది. మా గూడెం ఆ తోటకి రెండు కిలోమీటర్లు. దానికిస్తున్న ఆ రెండు బిందెల నీళ్లు మా ఇళ్లలో మనుషులకి లేవు. మా సంగతి కూడా రాశారన్నారు. వెతికితే కింద కనపడింది’ అని ఉంది. తిట్లేమీ లేవు. అదే ఎక్కువ బాధపెట్టింది. ఏం చేయాలో తోచక కార్డుని సొరుగులో పెట్టేశా.

నవ్వించే వార్త ఏడుపు వార్త చోటుని కాజేస్తుందా? పాపని ఉయ్యాల్లో ఊపుతూ రెడింగ్‌లో నెలంతా ఇదే ఆలోచన. బ్రిటన్ పేపర్ల పాత కథలు వెతికి చదివితే, అవుననీ కాదనీ రెండు జవాబులూ దొరికాయి.

డ్రైవర్ తలమీద దెబ్బ

మొదటిది 1963 నాటిది. యుద్ధ వ్యవహారాల మంత్రి జాన్ ప్రొఫ్యూమోకి క్రిస్టీన్ కీలర్ అనే యువతితో సంబంధముందని పుకార్లు. ఆమెకి సోవియట్ నౌకాదళ అధికారితోనూ పరిచయం ఉందనేసరికి అది దేశభద్రత సంగతైంది. అలాంటిదేమీ లేదని మార్చిలో పార్లమెంటులో చెప్పిన మంత్రి, అబద్ధమాడానని ఒప్పుకుని జూన్ 5న రాజీనామా చేశాడు. ఆ వేడి తగ్గకముందే ఆగస్టు 8 తెల్లవారుజామున గ్లాస్గో నుంచి లండన్ వస్తున్న మెయిల్ రైలుని దొంగ సిగ్నల్‌తో ఆపి 26 లక్షల పౌండ్లు దోచేశారు. దాక్కున్నచోట దొంగలు ఆడిన మోనోపలీ ఆటమీద వేలిముద్రలు దొరికాయి. ఇంకేం, సినిమా కథే! జైలు గోడ దూకి పారిపోయిన రోనీ బిగ్స్ అయితే తర్వాత బ్రెజిల్‌లో పేరున్న మనిషై కూర్చున్నాడు.

ఆ సందట్లో అందరూ మర్చిపోయిన మనిషి ఒకడున్నాడు... రైలు డ్రైవర్. ఇనుపకడ్డీతో తలమీద కొట్టారతన్ని. మళ్లీ మునుపటి మనిషి కాలేకపోయాడు. దోపిడీని సరదా కథలా చెప్పుకున్న ప్రతిసారీ ఆ దెబ్బ కిందికి పోయింది... ఆరు లైన్ల వార్తలా!

బాతు చెప్పిన లెక్క

రెండో కథలో నవ్వు చేసిన పని వేరు. 2009 మే 8న ‘డైలీ టెలిగ్రాఫ్’ ఎంపీల ఖర్చుల బిల్లులు బయటపెట్టడం మొదలెట్టింది. లండన్‌లో ఉండటానికి రెండో ఇంటి ఖర్చు కింద ప్రభుత్వమిచ్చే డబ్బది. ఏది రెండో ఇల్లో మాటిమాటికీ మార్చి చూపించి లాభపడినవాళ్లున్నారు. తీరిపోయిన అప్పుకి వడ్డీ రాబట్టినవాళ్లున్నారు. ఇవన్నీ కాగితాల లెక్కలు. పనిమీద పరుగెత్తే మనిషికి ఓ పట్టాన ఎక్కవు. అప్పుడొచ్చింది బాతు! పీటర్ విగ్గర్స్ అనే ఎంపీ తన చెరువులో బాతులకోసం తేలే చిన్న ఇల్లు కట్టించి 1,645 పౌండ్ల బిల్లు పెట్టాడు. డగ్లస్ హాగ్ అనే మరో ఎంపీ ఖర్చుల జాబితాలో ఇంటిచుట్టూ ఉన్న కందకం శుభ్రం చేయించిన సంగతి కనిపించింది.

దేశమంతా నవ్వింది. ఆ నవ్వులోంచే కోపమొచ్చింది. స్పీకర్ మైకేల్ మార్టిన్ గద్దె దిగాల్సి వచ్చింది. ఓ స్పీకర్‌ని అలా సాగనంపడం మూడొందల ఏళ్లలో అదే మొదలు. ఎంపీల ఖర్చులు చూడటానికి స్వతంత్ర సంస్థ వచ్చింది. కొందరు జైలుకీ వెళ్లారు. అర్థంకాని లెక్కని బాతు వంటింటి దాకా మోసుకొచ్చిందన్నమాట.

కానీ ఇందులోనూ ఓ మెలిక ఉంది. బాతుల ఇంటికి ప్రభుత్వం అసలు డబ్బివ్వనేలేదు. ఆ బిల్లుని అధికారులు తిప్పికొట్టారు. నిజంగా చెల్లించిన పెద్ద బిల్లుల పేర్లు జనానికి గుర్తులేవు. బాతు గుర్తుంది! నవ్వు తలుపు తెరుస్తుంది... కానీ చాలామంది గుమ్మందగ్గరే ఆగిపోతారు.

అక్క అడిగిన ప్రశ్న

ఇది పుస్తకాల్లో చదివిన సంగతి. జులై 25న ఇంట్లోనే చూశా. ప్రధాని పదవికి రిషి సునాక్, లిజ్ ట్రస్ తలపడుతున్నారు. నారాయణమూర్తిగారి అల్లుడని మావాళ్లందరికీ సునాక్ మీద ఓ కన్ను. ట్రస్ పక్షాన ఉన్న మంత్రి నాడీన్ డోరిస్ ‘సునాక్‌ది 3,500 పౌండ్ల సూటు, 450 పౌండ్ల బూట్లు. ట్రస్‌వి నాలుగున్నర పౌండ్ల చెవిపోగులు’ అని ఎత్తిపొడిచింది. ‘అలాంటివి కోఠీలో వందకి రెండు జతలు’ అంది అమ్మ. అందరం నవ్వాం, అక్క తప్ప. ‘చెవిపోగుల సంగతి సరేనే. వీళ్లలో ఎవరొస్తే మా గ్యాసు బిల్లు తగ్గుతుందో ఎక్కడైనా రాశారా, చూడు’ అంది.

చూశా. రాశారు. అదే వార్తలో నాలుగో పేరాలో ఉంది... పన్నులు వెంటనే తగ్గిస్తానంటోంది ఆవిడ. ముందు ధరల్ని అదుపు చేయాలంటున్నాడు ఆయన. చెవిపోగులు లేకపోతే అక్క ఆ పేరా దాకా వచ్చేదే కాదు. నాలుగో పేరా లేకపోతే ఆ చెవిపోగులు ఎందుకూ కొరగావు.

ఆగస్టు 26న ఆ లెక్క కూడా తేలింది. మామూలు కుటుంబానికి ఏడాది కరెంటు, గ్యాసు ఖర్చు 1,971 పౌండ్ల నుంచి 3,549కి పెరగనుందని ప్రకటించారు. తర్వాత ప్రభుత్వం దాన్ని 2,500 దగ్గర ఆపింది గానీ, ఆరోజు బావగారూ అక్కా కాగితం ముందేసుకుని లెక్కలు వేసుకుంటోంటే ఇల్లంతా నిశ్శబ్దం. ‘ఇవాళ పిల్లి ఉందా?’ అని అమ్మ కూడా అడగలేదు.

ఆ రాత్రి అన్నాలు తింటూ కొండముచ్చు సంగతి మొదటిసారి అమ్మకి చెప్పా. కార్డు సంగతీ చెప్పా. అమ్మ ఊరడించలేదు. ‘విస్తట్లో అప్పడం ఉండాలమ్మా, అది కరకరలాడితేనే పిల్లలు ముద్ద మింగుతారు. కానీ అన్నం పెట్టే చోట అప్పడాలే పేరిస్తే... ఆకలితో ఉన్నవాడు లేచిపోడూ?’ అంది.

మేం ఇండియా వచ్చేశాక అక్టోబరులో అక్క ఫోన్‌కి ఓ ఫొటో పంపింది. అప్పటికి ప్రధాని అయిన ట్రస్ బడ్జెట్ ప్రకటనతో మార్కెట్లు అతలాకుతలమయ్యాయి. ఆవిడ ముందు దిగిపోతుందా, ఇది ముందు వాడిపోతుందా అని ‘డైలీ స్టార్’ ఓ లెట్యూస్ ఆకుకూర గడ్డకి విగ్గుపెట్టి కెమెరా ముందు కూర్చోబెట్టింది. ఆకుకూరే గెలిచింది! అక్టోబరు 20న ట్రస్ రాజీనామా ప్రకటించింది. ఫొటో కింద అక్క రాసిన మాట: ‘తెగ నవ్వుకున్నామే. మా ఇంటి లోను వడ్డీ మాత్రం పెరిగింది.’

మరుసటి వేసవిలో సొరుగులోంచి కార్డు తీసి, దానిమీది అడ్రసు పట్టుకుని ఆ గూడెం వెళ్లా. నాలుగేళ్ల ఆలస్యం. రాసినాయన నన్ను గుర్తుపట్టి ‘కొండముచ్చమ్మ’ అని అందర్నీ పిలిచాడు. తల దించుకోవాల్సిన మాటే అయినా నవ్వొచ్చింది. ఆడవాళ్లతో కలిసి రెండు కిలోమీటర్లూ బిందె మోశా. ఈసారి కూడా కొండముచ్చు జీతంతోనే మొదలుపెట్టా. కానీ రెండో వాక్యంలోనే గూడెంలోకి వచ్చేశా. ఫొటో కొండముచ్చుది కాదు... ఖాళీ బిందెల వరసది.

పదిరోజులకి రోజు విడిచి రోజు ట్యాంకరు రావడం మొదలైంది. పైపులైను పడటానికి మరో వేసవి పట్టింది. అందులో నా గొప్పేమీ లేదు. 2019లోనే ఆ వార్త తెచ్చిన విలేకరి అప్పట్లో ఎన్ని లైన్లు రాశాడో అడిగి తీసుకుని చదివా. ఎనభై ఆరు.

ఇప్పటికీ వేసవి పేజీలు నావే. పిల్లులూ, మామిడిపళ్లూ, తాటిముంజెలూ రాస్తూనే ఉన్నా. కాకపోతే ఫొటో పెంచుదామా అని ఎవరైనా అడిగితే ‘కింద ఏ వార్త ఉంది?’ అని ముందు చదువుతున్నా.