బాంబుల కింద మేకు భయం

తమ్ముడూ,

లండన్‌లో కోటలు, కిరీటాలు చూశావా అని అడుగుతావని తెలుసు. నేను మాత్రం రెండో ప్రపంచ యుద్ధకాలపు ఫ్యాక్టరీ పోస్టర్ల వెంట పడ్డాను. నెత్తిన జర్మన్ బాంబులు పడుతుంటే, ఈ జనం చెక్కలో పొడుచుకొచ్చిన మేకు గురించి, కళ్లజోడు పెట్టుకోవడం గురించి పోస్టర్లు అచ్చేసుకున్నారంటే నమ్ముతావా!

కారణం లేకపోలేదు. మగవాళ్లు సైన్యానికి పోతే, 1941 డిసెంబరులో చట్టం చేసి పెళ్లికాని ఆడవాళ్లనూ యుద్ధపు పనులకు పిలిచారు. నిన్నటిదాకా యంత్రం మొహం చూడని పిల్ల డ్రిల్లింగ్ మెషీన్ ముందు నిలబడితే జుట్టు చిక్కుకోదూ? చెయ్యి పోతే మనిషి బాధ సరే, ఆ పూట తూటాలూ తయారుకావు.

ప్రమాదాల నివారణకు ఇక్కడొక సంఘం ఉంది, రోస్పా అంటారు. అది మంచి మంచి చిత్రకారుల చేత పోస్టర్లు గీయించింది. వాళ్లలో టామ్ ఎకర్స్‌లీ నాకు తెగ నచ్చాడు. అప్పుడాయన వైమానిక దళంలో మ్యాపులు గీస్తూనే వీటినీ గీశాడు. ఒక చెయ్యి, ఒక పనిముట్టు, కత్తిరించి అతికించినట్టు నిండు రంగులు, నాలుగు మాటలు. అంతే! నీ ఆటోనగర్ లేత్ షాపులో ఎర్ర రంగుతో రాసిన 'జాగ్రత్త' బోర్డు గద్దిస్తుంది కదా, ఇవి గద్దించవు. చమత్కారంగా చెప్పి, అర్థం చేసుకోవడం నీ వంతని వదిలేస్తాయి. పొదుపూ ఉందిలే: రంగు పెరిగితే అచ్చు పలక పెరుగుతుంది, కాగితానికా రేషను.

వింతల్లో వింత బ్లాకౌట్ పోస్టర్లు. విమానాలకు ఊరు కనిపించకూడదని వీధి దీపాలన్నీ ఆర్పేసేవారు. ఆ చీకటి రోజుల్లో, 1941లో రోడ్ల మీదే మొత్తం 9,169 మంది పోయారు! అందుకే మోరిస్ అనే చిత్రకారుడు గీసిన పోస్టరు, చీకట్లోకి వచ్చాక మెల్లగా 15 దాకా లెక్కపెట్టి అప్పుడు కదలమంటుంది. కళ్లు చీకటికి అలవాటు పడాలిగా. లండన్ రవాణా సంస్థకు ఇలాంటివే గీసిన హాన్స్ ష్లెగర్ జర్మనీలో పుట్టిన యూదుడు, 'జీరో' అని సంతకం పెట్టేవాడు. జర్మన్ బాంబుల చీకట్లో లండన్ వాళ్లకు దారి చెప్పింది అతనన్నమాట!

యుద్ధం అయ్యాక వీటిని అందరూ మరిచిపోయారట. ఈ శతాబ్దంలో బర్మింగ్‌హామ్‌లో ఒకచోట మూలపడి ఉన్నవి 700కు పైగా బయటపడ్డాయి. గోడకు అంటించి, చిరిగితే పారేసే కాగితాలకు ఇప్పుడు వేలంపాటలు! ధర విని జేబు తడుముకుని, పోస్టుకార్డు సైజుది కొన్నాను. నీకే.

మీ అన్నయ్య