బండెక్కే ముందు ఒక ప్రశ్న

దూరప్రయాణానికి కారు మాట్లాడుకునేటప్పుడు మీరు ఏమేమి అడుగుతారు? కిలోమీటరుకు ఎంత, డ్రైవరు బత్తా ఎంత, టోలుగేటు డబ్బు ఎవరు కట్టాలి, ఏ.సి. పనిచేస్తుందా - ఇవన్నీ అడుగుతారు. "డ్రైవరు నిన్న రాత్రి నిద్రపోయాడా?" అని ఎప్పుడైనా అడిగారా?

నేనూ అడగలేదు. పాతికేళ్ళకు పైగా ప్రభుత్వ డాక్టరుగా, వచ్చిన ప్రతి రోగినీ "ఆకలి అవుతోందా? నిద్ర పడుతోందా?" అని అడుగుతున్నవాణ్ణి. అయినా ఆ ఒక్క మనిషిని అడగడం మరిచాను. ఆ మరుపు ఎంత పని చేయబోయిందో ఈ వారం మీకు చెబుతాను.

మూడేళ్ళ కిందట మా అమ్మాయి పై చదువుకు అమెరికా వెళ్ళింది. చిత్తూరు నుంచి బెంగుళూరు విమానాశ్రయానికి, ఎప్పుడూ మాకు వచ్చే డ్రైవరునే పిలిచాను. సాయంత్రం ఆరింటికి బయలుదేరాం. అమ్మాయిని లోపలికి పంపి, కళ్ళు తుడుచుకుని, పన్నెండు దాటాక తిరుగుముఖం పట్టాం. కోలారు, ముళబాగిలు, పలమనేరు గడిచాయి. మొగిలి ఘాటు దిగుతున్నాం. మూడు గంటల వేళ. వెనక సీట్లో మా ఆవిడా, నేనూ కునుకు తీస్తున్నాం. ఉన్నట్టుండి బండి కుదిపేసింది. చక్రాలు రోడ్డు అంచు దాటి మట్టిలోకి దిగాయి. మా ఆవిడ కెవ్వుమంది. ఆ కేకకు డ్రైవరు ఉలిక్కిపడి బ్రేకు తొక్కాడు. రోడ్డు పక్క గోడకు జానెడు దూరంలో బండి ఆగింది.

"ఏమప్పా, ఏమైంది?" అన్నాను.

"కన్ను మూత పడింది సార్. తప్పయిపోయింది."

"నువ్వు పడుకుని ఎంతసేపయింది?"

"నిన్న రాత్రి అరుణాచలం ట్రిప్పు సార్. పొద్దున వచ్చినా. పగలు రాయవేలూరు ఆస్పత్రికి ఒక కిరాయి. ఆణ్ణించి నేరుగా మీ ఇంటికే వచ్చినా."

లెక్క వేశాను. మొన్న తెల్లవారి లేచిన మనిషి. నలభై గంటలు దాటింది.

"మరి ఆ మాట ముందే చెప్పకూడదా?"

"మీరే గదా సార్, 'నువ్వయితేనే నమ్మకం, నువ్వే రావాల' అంటిరి. రానంటే ఇంకో బండి పెట్టుకుంటారు. నెల కాగానే కంతు కట్టల్ల గదా."

నాకు నోట మాట రాలేదు. ఆ మాట అన్నది నేనే. మెచ్చుకోలనుకుని అన్నాను. అతని చెవికి అది కాదనలేని హుకుం అయింది.

బంగారుపాళ్యం దగ్గర వెలుతురున్న పెట్రోలు బంకులో బండి ఆపించి, అతణ్ణి పడుకోమన్నాం. మేమిద్దరం బయట అరుగుమీద కూర్చున్నాం. తెల్లవారాక అమ్మాయి విమానం మారేచోట దిగి, "ఇల్లు చేరారా నాన్నా?" అని అడిగింది. "చేరాం తల్లీ" అన్నాను. ఇంకా బంకులోనే ఉన్నాం.

నిద్ర ఎవరి మాటా వినదు

ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్నారు పెద్దలు. నిద్రకు పట్టుపరుపులు అక్కర్లేదు. స్టీరింగు ముందు కూడా వస్తుంది. "నాకు అలవాటే సార్, ఎన్ని రాత్రులైనా లాగేస్తా" అనే డ్రైవరును చూసి మనం మురిసిపోతాం. కాని డ్రైవింగు అలవాటవుతుందే గాని, నిద్ర లేకుండా ఉండటం ఎవరి మెదడుకూ అలవాటు కాదు.

మనిషి మేలుకుని ఉన్నకొద్దీ మెదడులో నిద్ర బాకీ పెరుగుతూ వస్తుంది. దీనికి తోడు శరీరంలో ఒక గడియారం ఉంది. అర్ధరాత్రి దాటాక రెండు నుంచి ఆరు గంటల మధ్య, మళ్ళీ మధ్యాహ్నం భోజనమయ్యాక, అది మెదడును మందగింపజేస్తుంది. బాకీ, గడియారం రెండూ ఒక్క వేళకు కలిస్తే, కళ్ళు తెరిచి ఉన్నట్టే ఉండి మూడు నాలుగు సెకన్లు మెదడు నిద్రపోతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. నాలుగు సెకన్లంటే దాదాపు 90 మీటర్లు. అంత దూరం ఆ బండికి డ్రైవరు లేనట్టే.

1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఒక సంగతి తేల్చారు. వరుసగా 17 గంటలు మేలుకున్న మనిషి చురుకుదనం, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల సారా ఉన్న మనిషి చురుకుదనంతో సమానం. మన చట్టం డ్రైవరుకు విధించిన హద్దు 30 మిల్లీగ్రాములే. తాగినవాడి బండి మనం ఎక్కం. నిద్రలేనివాడి బండిలో మాత్రం పిల్లలతో సహా ఎక్కి కూర్చుంటాం.

2021 ఫిబ్రవరి 14 తెల్లవారుజామున, మన మదనపల్లె నుంచి అజ్మీరు యాత్రకు బయలుదేరిన టెంపో కర్నూలు జిల్లా మాదార్పురం దగ్గర డివైడరు దాటి లారీని ఢీకొంది. 14 మంది పోయారు. మిగిలింది నలుగురు పిల్లలు. డ్రైవరుకు కునుకు పట్టి ఉండవచ్చని అప్పుడే అనుమానించారు. కారణం ఏదయినా, ఆ వేళను గమనించండి. నాలుగు గంటల ప్రాంతం.

చట్టం ఉంది, కాని...

1961లో వచ్చిన మోటారు రవాణా కార్మికుల చట్టం డ్రైవరు పని రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మించరాదన్నది. దూరప్రయాణాలకు అనుమతి మీద రోజుకు 10, వారానికి 54 గంటల దాకా ఒప్పుకుంది. 5 గంటల పని తర్వాత అరగంట విశ్రాంతి, ఒకనాటి పనికీ మరునాటి పనికీ నడుమ 9 గంటల విరామం ఉండాలన్నది. 2025 నవంబరులో ఆ చట్టం కొత్త కార్మిక స్మృతిలో కలిసిపోయింది. రోజుకు 8 గంటల సూత్రం అందులోనూ ఉంది. ఐరోపా దేశాల్లో లారీ డ్రైవరు నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాలు ఆగి తీరాలి. ఎన్ని గంటలు నడిపాడో బండిలోని యంత్రమే రాసిపెడుతుంది.

మన 1961 చట్టం వర్తించింది అయిదుగురు, ఆపైన కార్మికులున్న సంస్థలకు. అప్పు చేసి ఒక్క బండి కొనుక్కుని తానే నడిపే మనిషికి యజమానీ తనే, కూలీ తనే. అతని గంటల లెక్క చూసేదెవరు? ఆ రోజుకు బండెక్కిన మనమే చూడాలి.

మీరు చేయవలసినవి

కారు మాట్లాడేటప్పుడే "ముందు రోజు రాత్రి ఏ ట్రిప్పూ పెట్టుకోవద్దు" అని చెప్పండి. డబ్బు గీచి బేరమాడకండి. మీరు తగ్గించిన సొమ్మును అతను నిద్ర మాని మరో ట్రిప్పులో పూడ్చుకుంటాడు.

అర్ధరాత్రి రెండు నుంచి అయిదు దాకా ప్రయాణం పెట్టుకోకండి. దర్శనం టిక్కెట్టు తెల్లవారుజామునయితే, ముందు రోజే తిరుపతి చేరండి. మీరు గది తీసుకున్నప్పుడు డ్రైవరు పడకకూ చోటు చూడండి. దోమల మధ్య బండిలో ముడుచుకుని పడుకున్నది నిద్ర కాదు.

రెండు మూడు గంటలకొకసారి బండి ఆపించండి. ముందు సీట్లో కూర్చున్నవారు నిద్రపోకండి. డ్రైవరు ఊరకే ఆవులిస్తున్నా, కళ్ళు నలుపుకుంటున్నా, బండి గీత దాటుతున్నా, వెంటనే వెలుతురున్న చోట ఆపించండి. అద్దాలు దించడం, పాటలు పెట్టడం, మొహాన నీళ్ళు చల్లుకోవడం కొద్ది నిమిషాలకే. టీ పనిచేయడానికి దాదాపు అరగంట పడుతుంది. కాబట్టి టీ తాగి, వెంటనే ఇరవై నిమిషాలు పడుకోవడం మంచిది. అదయినా ఆ పూటకే. బాకీ తీర్చేది రాత్రి నిద్ర ఒక్కటే.

డ్రైవరు సోదరులకు ఒక మాట. జలుబుకు, దురదకు వేసుకునే కొన్ని మాత్రలు మత్తు కలిగిస్తాయి. దుకాణంలో అడిగి తెలుసుకోండి. గురక ఎక్కువగా ఉండి, ఎంత పడుకున్నా పగలు కునుకు పడుతుంటే, నిద్రలో ఊపిరి అడ్డుపడే జబ్బు కావచ్చు. దీనికి వైద్యం ఉంది. ప్రభుత్వ ఆస్పత్రిలో చూపించుకోండి. దాస్తే మీకే కాదు, మీ బండెక్కినవారికీ ముప్పే.

మా డ్రైవరు ఇప్పటికీ అతనే. పోయిన నెల తిరుపతికి పోవాలని ఫోను చేశాను. "ఈ పొద్దు రాలేను సార్, రాత్రంతా నిద్ర లేదు" అన్నాడు. ఇన్నేళ్ళలో అతను నాకు లేదని చెప్పడం అదే మొదలు. నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను. ఆర్టీసీ బస్సెక్కి వెళ్ళి వచ్చాను.