అరువు కాగితాలతో ఆరో సింఫనీ

ఆర్కెస్ట్రాల విదేశీ యాత్రల గురించి ఎక్కడ చదివినా చివరికి చప్పట్ల లెక్కే మిగులుతుంది. 1973 సెప్టెంబరులో ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రా చేసిన చైనా యాత్ర మీద మాత్రం నాకు ప్రత్యేకమైన మమకారం. దానికి కారణం కొన్ని అరువు కాగితాలు.

అమెరికా అధ్యక్షుడు నిక్సన్ బీజింగ్ వెళ్లొచ్చి అప్పటికి ఏడాదిన్నర. కమ్యూనిస్టు చైనాలో అడుగుపెట్టిన తొలి అమెరికన్ ఆర్కెస్ట్రా ఇదే. బీజింగ్‌లో నాలుగు కచేరీలు, షాంఘైలో రెండు. సారథి యూజీన్ ఆర్మండీ. హంగరీలో పుట్టి, 1936 నుంచీ ఆ బృందంతోనే ఉన్న మనిషి. వెళ్లింది ఎలాంటి చోటికి! సాంస్కృతిక విప్లవం మొదలయ్యాక అక్కడ పాశ్చాత్య సంగీతం వాయించడమే నేరమైంది. షాంఘై కన్సర్వేటరీలో పాఠాలు చెప్పినవాళ్లు పలువురు ఆ వేధింపులు తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నారు. ఈ సంగతి మరిచి ఆ యాత్రను విందులూ కరచాలనాల కథగా చెప్పడం నాకు నచ్చదు.

చైనా అధినేత మావో భార్య జియాంగ్ చింగ్ కచేరీకి వస్తానన్నారు. బేతోవెన్ ఐదో సింఫనీ వద్దు, ఆరోది వాయించమన్నారు. ఆర్మండీకి ఆరోదంటే గిట్టదు. పైగా దాని స్వరాల ప్రతులు వెంట తెచ్చుకోలేదు. అప్పుడు నికొలస్ ప్లాట్ అనే అమెరికన్ దౌత్యాధికారి, చైనా విప్లవం రైతుల విప్లవమనీ, ఆరో సింఫనీ పల్లెసీమల సంగీతమనీ అప్పటికప్పుడు ఓ వాదన అల్లి పెద్దాయనను ఒప్పించారు. ప్రతులు అక్కడే సంపాదించారు.

అరువు ప్రతులు చూసి వాయించడం మామూలుగా వినేవాళ్లకు ఏమంత కష్టమనిపించదు. కానీ ఆర్కెస్ట్రాలో ఒక్కో వాద్యానికీ విడి ప్రతి ఉంటుంది. వయొలిన్‌వాళ్ల ప్రతిలో ప్రతి వరుస మీదా పెన్సిల్ గుర్తులు: ఇక్కడ కమాను కిందికి లాగాలి, ఇక్కడ పైకి తోయాలి, ఇక్కడ ఊపిరి తీసుకున్నంత ఆగాలి. ఏళ్ల తరబడి సాధనలో పోగుపడ్డ ఆ గుర్తుల వల్లే అన్ని కమానులూ ఒక్కసారి లేచి ఒక్కసారి వాలతాయి. బృందానికంటూ ఒక నాదం ఏర్పడేదీ అందువల్లే. అరువు ప్రతిలో ఆ గుర్తులేవీ ఉండవు. పక్కవాడి మోచేతిని ఓ కంట చూసుకుంటూ వాయించాలి. తీగవాద్యాల నిండు నాదానికి ప్రపంచమంతటా పేరుపడ్డ బృందం, అలా చూసుకుంటూనే వాయించింది. ఆ పేరు కన్నా ఈ సర్దుబాటే నాకు గొప్పగా కనిపిస్తుంది.

అదే యాత్రలో ఓ రోజు బీజింగ్‌లోని సెంట్రల్ ఫిల్‌హార్మోనిక్ సాధన చూడటానికి అతిథులు వెళ్లారు. ఆ బృందం సారథి లీ దెలున్ ఐదో సింఫనీ మొదటి భాగం నడిపించారు. రెండో భాగానికి బెత్తం ఆర్మండీ అందుకున్నారు. ఏళ్ల తరబడి బేతోవెన్‌ను బాహాటంగా వాయించే వీల్లేక ఉగ్గబట్టుకున్నవాళ్లు వాళ్లు. నిమిషాల్లోనే వాళ్లు వాయించే తీరు మారిపోయిందని అక్కడున్నవాళ్లు తర్వాత చెప్పుకున్నారు. ఆరు కచేరీలనూ ఒకవైపు పెట్టి ఈ సాధనను ఇంకోవైపు పెడితే నేను సాధన వైపే ఉంటాను.

పొలాలకూ చేరిందా సంగీతం. హునాన్‌లో నాట్లు వేసే పనిలో ఉన్న కుర్రాడు తాన్ దున్, లౌడ్‌స్పీకర్లో ఫిలడెల్ఫియావాళ్ల బేతోవెన్ విన్నాకే సంగీతకారుణ్ణి కావాలనుకున్నానని పెద్దయ్యాక చెప్పారు. సినిమా సంగీతానికి ఆస్కార్ అందుకున్న తాన్ దున్ ఆయనే.

తలుపు వెంటనే మూసుకుంది కూడా. 1974 జనవరికల్లా బేతోవెన్ లాంటివాళ్ల సంగీతం మీద పత్రికల్లో మళ్లీ దాడి మొదలైంది. మావో పోయాక, 1977 మార్చిలో, బేతోవెన్ 150వ వర్ధంతికి లీ దెలున్ తన సెంట్రల్ ఫిల్‌హార్మోనిక్‌తో ఐదో సింఫనీ వాయించారు. రేడియోలో దేశమంతా విన్నది. ఆ రెండో భాగంలో ఆర్మండీ నేర్పిన పట్టు కొంతైనా ఉండే ఉంటుందని నా నమ్మకం.