జామ్‌తారా నుంచి ఫోనొస్తే...

ఆసన్‌సోల్ దాటిన కాసేపటికి బెంగాల్ వెనకబడి ఝార్ఖండ్ మొదలవుతుంది. ఎర్రమట్టి నేలలు, మోదుగ చెట్లు, అక్కడక్కడా సంతాల్ పల్లెలు. హౌరా నుంచి దిల్లీ వెళ్లే రైలుమార్గంలో, హౌరాకు దాదాపు 250 కిలోమీటర్ల దూరంలో వస్తుంది జామ్‌తారా. 2001లో దుమ్కా నుంచి విడిపోయి జిల్లా అయింది. నాలా ప్రాంతంలో జీడిమామిడి తోటలు బాగా ఉంటాయి. మన పలాసలా జీడిపప్పుతో పేరు రావాల్సిన చోటు. కానీ వచ్చిన పేరు వేరు!

'సార్, బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం. మీ ఏటీఎం కార్డు బ్లాక్ అయింది...' పదేళ్ల కిందట దేశమంతా మోగిన ఈ ఫోన్లలో చాలావాటి జాడ ఇక్కడే తేలింది. ఒకప్పుడు ఈ దారిలో రైలు ప్రయాణికులకు మత్తుమందు కలిపిన బిస్కెట్లు తినిపించి దోచుకునే ముఠాలుండేవి. సెల్‌ఫోన్ వచ్చాక రైలెక్కే శ్రమ తప్పింది. వేరే రాష్ట్రాల్లో ఎవరి పేరు మీదో తీసుకున్న సిమ్‌కార్డులు, ఊరి బయట సిగ్నల్ బాగా అందే ఓ చెట్టునీడ... అంతే వాళ్ల ఆఫీసు. పోలీసు జీపు దుమ్ము దూరం నుంచే కనిపిస్తుంది కూడా. 2020లో నెట్‌ఫ్లిక్స్ సిరీస్ వచ్చాక ఊరి పేరు ఇంకా మోగిపోయింది.

చిత్రమేమిటంటే, ఈ కుర్రాళ్లలో చాలామంది కంప్యూటర్ చదువులు చదివినవాళ్లు కాదు. బ్యాంకు తాళం బద్దలుకొట్టే విద్య వాళ్లకు అవసరం లేదు. తాళంచెవి మనచేతే ఇప్పిస్తారు. ముందు కంగారు పెట్టాలి, తర్వాత తొందరపెట్టాలి. ఓటీపీ చెప్పొద్దని జనం నేర్చుకునేసరికి కొత్త దారి తొక్కారు. కస్టమర్ కేర్ నంబర్లంటూ సొంత నంబర్లను ఇంటర్నెట్‌లో పెట్టారు. వెతుక్కుని ఫోన్ చేసేది మనమే కాబట్టి అనుమానమే రాదు! 'రీఫండ్ ఇస్తాం, ఈ యాప్ వేసుకోండి' అంటారు. అది వేసుకుంటే మన ఫోన్ తెర వాళ్లకు కనిపిస్తుంది. ఓటీపీ అడగాల్సిన పనే ఉండదు. ఇంకొందరు 'మీకు డబ్బు రావాలంటే క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి' అంటారు. యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్‌తో పనే లేదు. అది తెలియకే ఎన్ని ఖాతాలు ఖాళీ అయ్యాయో!

పోయిన డబ్బు గంటల్లోనే నాలుగైదు ఖాతాలు మారిపోతుంది. పరువు పోతుందని ఇంట్లో చెప్పకుండా దాచిపెట్టడం కన్నా దొంగకు మేలు చేసే పని లేదు. వెంటనే 1930కి ఫోన్ చేస్తే, మధ్యలో ఏదో ఒక ఖాతాలో ఆ సొమ్మును ఆపే వీలుంటుంది.

హైదరాబాద్ పోలీసులూ ఇక్కడికి వచ్చి నిందితులను పట్టుకెళ్లారు. ఇప్పుడీ దందా జామ్‌తారాకే పరిమితం కాదు. హరియాణాలోని నూహ్, రాజస్థాన్‌లోని భరత్‌పుర్, చివరికి మయన్మార్, కంబోడియాల దాకా పాకింది. ఉద్యోగాలని నమ్మి అక్కడి ముఠాలకు చిక్కిన మన తెలుగు కుర్రాళ్లూ ఉన్నారు. అయినా నింద మాత్రం జామ్‌తారాను వదలడం లేదు. ఇక్కడ పుట్టిన పాపానికి, ఏ తప్పూ ఎరుగని పిల్లలు కూడా ఊరి పేరు చెప్పడానికి జంకాల్సిన పరిస్థితి.

ఇదే జిల్లాలో కర్మాటాడ్ ఉంది. సైబర్ కేసుల్లో తరచూ వినిపించే పేరు. అక్కడి స్టేషన్ బోర్డు మీద మాత్రం 'విద్యాసాగర్' అని ఉంటుంది. వితంతు వివాహాల చట్టం కోసం పోరాడిన ఈశ్వరచంద్ర విద్యాసాగర్ జీవిత చరమాంకంలో చాలా ఏళ్లు గడిపిన ఊరది. మన కందుకూరి వీరేశలింగాన్ని ఎవరితో పోల్చి 'దక్షిణ భారత విద్యాసాగరుడు' అన్నారో, ఆయనే. కలకత్తా వదిలి వచ్చి, సంతాల్ పిల్లలకు అక్షరాలు నేర్పుతూ, పెద్దలకు హోమియో మందులిస్తూ ఉండిపోయారు. ఆయన ఇల్లు 'నందన్ కానన్' తర్వాత చేతులు మారితే, 1974లో బిహార్ బెంగాలీల సంఘం చందాలు పోగుచేసి కొని కాపాడింది.

ఆ అక్షరాల పని ఈ మధ్య మళ్లీ మొదలైంది. 2020 చివర్లో జిల్లా యంత్రాంగం, వాడకుండా వదిలేసిన పాత ప్రభుత్వ భవనాలను బాగుచేయించి గ్రంథాలయాలు తెరవడం ప్రారంభించింది. రెండేళ్లు తిరిగేసరికి జిల్లాలోని 118 పంచాయతీలకూ అవి చేరాయి. పోటీపరీక్షలకు సిద్ధమయ్యే కుర్రాళ్లు, అమ్మాయిలు అక్కడే కూర్చుని చదువుకుంటున్నారు. చేతిలో ఫోన్ ఉంటుంది, ఎదురుగా పుస్తకం ఉంటుంది.